ఒక ఒరలో రెండు బేసులు



మీలో కొందరు నన్ను మీడియం వేవ్‌లో వింటూ ఉంటారు, ఇంకొందరు ఎఫ్‌ఎంలో. గొంతు ఒకటే, మాట ఒకటే. అయినా నేను ‘శనివారం సంత’ అన్నాననుకోండి, మీడియం వేవ్‌లో ఆ శకార సకారాలు కాస్త మొద్దుబారి వినిపిస్తాయి. ఎఫ్‌ఎంలో అవే అక్షరాలు గంజి పెట్టిన చీరలా పెళపెళలాడతాయి. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్ ఎడంలో సర్దారు. పక్క స్టేషన్ మీద పడకుండా ఉండాలంటే ఒక్కో స్టేషన్ మోసే శబ్దం సుమారు 4,500 హెర్ట్జ్ దగ్గర ఆగిపోవాలి. ఎఫ్‌ఎం 15,000 హెర్ట్జ్ దాకా మోస్తుంది. పాత ల్యాండ్‌లైన్ టెలిఫోన్ మరీ పిసినారి. 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేది. అందుకే ఇంటిపేరులో మొదటి అక్షరం ‘ఎస్’ అని ఫోన్‌లో చెబితే, అవతలివాళ్లు ‘ఎఫ్’ అని రాసుకునేవాళ్లు.

అంటే ఫిల్టర్ అనే పేరు తెలియనివాళ్లకు కూడా ఫిల్టర్ చేసే పని తెలుసు. ఇవాళ నేను చెప్పబోయేది దాని గురించీ, దానికి అన్నలాంటి ఈక్వలైజర్ గురించీ. ల్యాప్‌టాప్ మీద రెండు పాటలు కలిపే డీజేలు వీటిని ఎలా అమర్చుకోవాలన్నది విషయం. డీజే అంటే పాటలు ఎంచి, కలిపి, ఆడించే మనిషి అని నా ఉద్దేశం. మన దగ్గర ఆ మాటకు అర్థం మారిపోయింది లెండి. ‘పెళ్లికి డీజే పెట్టారు’ అంటే బండి మీద పేర్చిన బాక్సులనే కదా అనుకుంటాం. మనిషి ఎక్కడో జనరేటర్ పక్కన కనిపించకుండా ఉంటాడు.

ఒక చిన్న పని చేయండి. అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, నోరు మూసి ‘మ్‌మ్‌మ్’ అనండి. చేతికి అదురు తెలుస్తుంది. అది కింది శబ్దం, మన డీజేల భాషలో బేస్. ఇప్పుడు నోరు తెరిచి ‘ఆ’ అనండి. అదురు ఇంకా ఉంటుంది కానీ, ఆ అక్షరాన్ని ‘ఆ’ అని మనకు తెలియజేసేది నోట్లో రూపుదిద్దుకున్న నడిమి శబ్దం. అది మిడ్. చివరికి ‘స్‌స్‌స్’ అనండి. ఛాతీలో ఏ కదలికా ఉండదు, అంతా పళ్ల మధ్యే. అది పైశబ్దం, ట్రెబుల్. మనిషి చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందని పుస్తకాలు చెబుతాయి. ఆ మొత్తాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక నాబ్ పెడితే డీజే మిక్సర్ మీది ఈక్వలైజర్ తయారవుతుంది. ఆ ముక్కలను ఎక్కడ కోయాలి, ఎంత పదునుగా కోయాలి? అసలు చిక్కంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

మా నాయన మైక్‌సెట్ అద్దెకిచ్చేవాడు. ఆయన యాంప్లిఫయర్‌కు బేస్, ట్రెబుల్ అని రెండు నాబులు ఉండేవి. వేపచెట్టుకు కట్టిన హారన్ మైకులో కింది శబ్దం పలకదు కనక, బేస్ నాబ్ ఎటు తిప్పినా తేడా తెలిసేది కాదు. ఆయన మాత్రం పాట పెట్టిన ప్రతిసారీ దాన్ని కుడివైపు పూర్తిగా తిప్పేవాడు. నేను ఆ అలవాటునే ఆస్తిగా తీసుకుని, హారన్లు పోయి సబ్ ఊఫర్లు వచ్చిన కాలంలో డీజేనయ్యాను.

నేను డీజేగా వెళ్లిన మొదటి పెళ్లి బరాత్ సంగతి. ఒక తీన్మార్ పాట ఆడుతోంది. దాని మీదికి ఇంకో డ్యాన్స్ పాట తీసుకొచ్చాను. వేగం కలిసింది, తాళం కలిసింది. నాబులన్నీ కుడివైపే ఉన్నాయి. రెండు పాటల కిక్ డ్రమ్ములూ ఒకేసారి పడగానే బాక్సులు దగ్గినట్టు శబ్దం చేశాయి. యాంప్లిఫయర్ మీద ఎర్రదీపం వెలిగి ఆరలేదు. ఒక క్షణం బేస్ మీద పడిపోతోంది, మరుక్షణం మాయమైపోతోంది. పెళ్లికొడుకు మేనమామ దగ్గరికొచ్చి అడిగాడు: “ఏం పిలగా, నీ డబ్బాలకు జలుబు చేసిందా?”

ఆయన అన్నది నిజమే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక జత సబ్ ఊఫర్లలో రెండు బేసులూ అంతే. ఎందుకో లెక్కలో చూద్దాం. డ్యాన్స్ పాటల్లో కిక్ దెబ్బకు మూలమైన శబ్దం చాలావరకు 50, 100 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. 60 హెర్ట్జ్ అనుకుంటే, ఒక అల పూర్తయ్యేందుకు సుమారు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు పాటల కిక్కులు సరిగ్గా ఒకేసారి పడితే అలలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఎత్తు రెట్టింపవుతుంది. అంటే 6 డెసిబెల్స్ పెరుగుదల. యాంప్లిఫయర్ నుంచి నాలుగు రెట్ల శక్తి అడిగినట్టు. అదే రెండో కిక్ 8 మిల్లీసెకన్లు వెనకబడితే, ఒక అల లేచేచోట ఇంకోటి పడుతుంది, రెండూ కొట్టేసుకుంటాయి. 8 మిల్లీసెకన్ల తేడాను చెవి తాళం తప్పుగా పట్టుకోదు. బేస్ మాత్రం ఎగిరిపోతుంది. మేనమామగారు విన్న జలుబు అదే.

అందుకే ఈక్వలైజర్‌ను పాటకు అలంకారం చేసే వస్తువుగా చూడడం మానేశాను. నా దృష్టిలో అది దారి ఇచ్చే వస్తువు. లోపలికి వచ్చే పాట తన బేస్‌ను గుమ్మం బయట విడిచి రావాలి. వెళ్లే పాట తన బేస్ తీసేసిన క్షణంలోనే కొత్తపాట బేస్ లేవాలి. ఒక చెయ్యి ఎడమకు, ఒక చెయ్యి కుడికి, రెండూ ఒకే దెబ్బ మీద. ఇది సాధనతో వస్తుంది. కానీ నాబ్ వెనక సాఫ్ట్‌వేర్ సరిగా అమర్చి లేకపోతే ఎంత సాధన చేసినా శుభ్రంగా రాదు.

మొదట్లో డీజేలకు ఈ నాబులే లేవు. న్యూయార్క్‌లో అలెక్స్ రోస్నర్ అనే సౌండ్ ఇంజనీరు 1971లో హేవెన్ అనే క్లబ్ కోసం ఎర్రరంగు వేసిన ఒక మిక్సర్ చేశాడు. దాన్ని ‘రోజీ’ అని పిలిచేవారు. పాటలు కలపడం, హెడ్‌ఫోన్‌లో ముందుగా వినడం, అంతవరకే దాని పని. తర్వాత అదే ఊళ్లో పారడైజ్ గరాజ్ అనే క్లబ్‌లో ల్యారీ లెవాన్ పాట నడుస్తుండగానే బేస్‌ను పూర్తిగా తీసేసి, జనం ఎదురుచూసేదాకా ఆగి, మళ్లీ వదిలేవాడు. ముక్కను మొత్తంగా తీసేసే ఆ పరికరం పేరు ఐసొలేటర్. ఇవాళ ల్యాప్‌టాప్‌లో కనిపించే ఈక్వలైజర్లన్నీ రెండు వంశాలవి. ఒకటి తగ్గించేది, ఒకటి మాయం చేసేది. పయొనీర్ డీజేఎం-900 నెక్సస్ మిక్సర్ మీద రెంటి మధ్యా మార్చుకునే మీట కూడా ఉంది. ఈక్వలైజర్ వైపు ఉంచితే నాబ్ పూర్తిగా ఎడమకు తిప్పినా శబ్దం 26 డెసిబెల్సే తగ్గుతుంది. అంటే అల ఎత్తు ఇరవయ్యో వంతుకు వస్తుంది, పోదు. ఐసొలేటర్ వైపు ఉంచితే పూర్తిగా పోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో అయితే ఇలాంటివి అరడజను కనిపిస్తాయి. ట్రాక్టర్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో పాత ప్రసిద్ధ మిక్సర్ల పేర్లతో రకాలున్నాయి. నేను మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. దాని పేరులో ఎక్స్ అక్షరం మూడుసార్లు ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, అన్ని అమరికలూ తెరిచి చూపిస్తుంది, కనక నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి బడి లేదు. అందులో ఈక్వలైజర్ అమరికలు తెరిస్తే బైక్వాడ్, బెసెల్ 4, బెసెల్ 8, లింక్‌విట్జ్-రైలీ అని పేర్లు వరసగా ఉంటాయి. ఈ పేర్లు చూసి చాలామంది కిటికీ మూసేస్తారు. మూయకండి. ప్రతిదాన్నీ రెండే ప్రశ్నలు అడగండి. నాబ్ నడిమధ్య ఉంటే ఏం చేస్తావు? నాబ్ సున్నాకు వస్తే ఏం చేస్తావు?

మొదటి ప్రశ్న వింతగా తోచవచ్చు. నడిమధ్య ఉంటే ఏమీ చేయకూడదు కదా! నిజానికి చేస్తాయి. పాటను మూడు ముక్కలుగా కోసి మళ్లీ అతికించే రకం, నాబులన్నీ మధ్యలో ఉన్నా కోస్తూనే, అతికిస్తూనే ఉంటుంది. లింక్‌విట్జ్-రైలీ ఇలాంటిది. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ అనే ఇద్దరు హ్యూలెట్ ప్యాకర్డ్ ఇంజనీర్లు 1970లలో స్పీకర్ పెట్టెల కోసం రూపొందించిన పద్ధతి అది. ఊఫర్‌కు కొంత, ట్వీటర్‌కు కొంత పంచి, గదిలో మళ్లీ సమంగా కలిసేలా చేయడం దాని లక్ష్యం. కోత చాలా పదును. స్థాయికి 48 డెసిబెల్స్. స్థాయి అంటే సంగీతంలో మనం అనే స్థాయే, కింది సా నుంచి పై సా దాకా. కోత పెట్టినచోటు నుంచి ఒక స్థాయి దాటేసరికి శబ్దం ఎత్తు సుమారు 250వ వంతుకు పడిపోతుందన్నమాట. బేస్ తీశారంటే కత్తితో తీసినట్టే ఉంటుంది. కానీ నాబులు ముట్టుకోకపోయినా అలల వరస కాస్త జరుగుతుంది. చాలా పాటల్లో చెవికి తెలియదు, కిక్ దెబ్బ మొన దగ్గర కొందరికి తెలుస్తుంది.

బెసెల్ రకాలు ఈ చిక్కును తెలివిగా దాటతాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లిప్‌షిట్జ్, వాండర్‌కూయ్ అనే ఇద్దరి పద్ధతి ఇందులో ఉంది. అసలు పాటను కాస్త ఆలస్యం చేసి, కోసిన ముక్కను దాని పక్కన సరిగ్గా నిలబెట్టి, అందులోంచి తీసేస్తారు. ఫలితం ఏమిటంటే, నాబులు మధ్యలో ఉన్నప్పుడు లోపలికి వెళ్లిన అంకెలే బయటికి వస్తాయి. ఒక్క అంకె మారదు. బెసెల్ 4లో కోత వాలు స్థాయికి 24 డెసిబెల్స్, బెసెల్ 8లో 48. బైక్వాడ్‌లో వాలు ఇంకా మెత్తన, పాత అనలాగ్ మిక్సర్‌లా. దానిలోనే పూర్తిగా మాయం చేసే రకం కూడా ఉంది.

ఏది తీసుకోవాలి? నేను బరాత్‌కు, డ్యాన్స్‌కు బెసెల్ 8 పెడతాను. అక్కడ బేస్ ఇచ్చిపుచ్చుకోవడం ఒక్క దెబ్బలో జరగాలి, వెనక తోక మిగలకూడదు. రిసెప్షన్‌లో జనం భోంచేస్తుండగా మెలోడీలు నెమ్మదిగా కలపాలంటే మెత్తని వాలే మేలు. పదును కోతతో పాటలో ఒక కన్నం పడినట్టు వినిపిస్తుంది. మెత్తని వాలులో పాట వెనక్కి తగ్గినట్టు ఉంటుంది. లింక్‌విట్జ్-రైలీని నేను వాడను. అది చెడ్డదని కాదు, ముట్టుకోని నాబ్ పాటను ముట్టుకోవడం నాకు నచ్చదు.

ఇప్పుడు కోత ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. నన్ను అడిగితే దీన్ని మనవాళ్లు ఎవరూ పట్టించుకోరు, అందుకే మన పాటలు రీమిక్సుల్లో పీలగా వినిపిస్తాయి. మిక్స్‌లో బేస్‌కూ మిడ్‌కూ మధ్య గీత 246 హెర్ట్జ్ దగ్గర, మిడ్‌కూ ట్రెబుల్‌కూ మధ్య గీత 2,484 హెర్ట్జ్ దగ్గర ముందే పెట్టి ఉంటుంది. గాత్రం తక్కువ, కిక్ ఎక్కువ ఉండే యూరప్ క్లబ్ సంగీతానికి ఇది బాగానే సరిపోతుంది. మన సంగతి చూడండి. ఒకటి శ్రుతిలో పాడే మగ గాయకుడి మధ్యస్థాయి సా సుమారు 131 హెర్ట్జ్. పైస్థాయి సా 262. అంటే మధ్యస్థాయి సరిగమలన్నీ, నిషాదం దాకా, 246 గీతకు కిందే. మీరు బేస్ తీశారనుకుంటున్నారు, నిజానికి ఆయన గొంతుకు పునాది తీశారు. గొంతు ఎవరిదో తెలుస్తూనే ఉంటుంది, ఎందుకంటే మూలస్వరం పోయినా దానిమీది అనుస్వరాలు మిగిలే ఉంటాయి. ఫోన్‌లో నాన్న గొంతు గుర్తుపట్టేది వాటితోనే. కానీ నిండుదనం ఉండదు, పెద్ద గాయకుడు కూడా ఫోన్‌లో పాడినట్టే ఉంటాడు.

కనక మగ గొంతు ముందుండే తెలుగు పాటలు కలిపేటప్పుడు కింది గీతను 150, 160 దగ్గరికి దించండి. కిక్ వెళ్లిపోతుంది, గొంతు చాలావరకు ఉంటుంది. ఆడగొంతుకు ఐదు శ్రుతి అనుకుంటే మధ్యస్థాయి సా 196 హెర్ట్జ్. దానికీ ఇదే గీత హాయిగా సరిపోతుంది.

డప్పు సంగతి వేరు. తీన్మార్ మనకు ప్రాణం కనక చెబుతున్నాను. డప్పు కొట్టే మనిషి ఒక చేత లావు సిర్ర, ఇంకో చేత సన్నని సిటికెన పుల్ల పట్టుకుంటాడు. సిర్ర దెబ్బలో గుండ్రని కింది శబ్దం, పుల్ల దెబ్బలో చురుకైన పైశబ్దం. ఒకే వాయిద్యం మూడు ముక్కల్లోనూ కాపురం చేస్తుంది. బేస్ ఒక్కటే తీస్తే పుల్లల చప్పుడు కొత్తపాట మీద వాన చినుకుల్లా పడుతూ మిగులుతుంది. నాకు అది ఇష్టం. ఎనిమిది తాళాలపాటు అలా ఉంచి తర్వాత తీస్తాను. మిడ్ తీసి బేస్ ఉంచారో, డప్పు తోలు తడిసినట్టు ఉంటుంది. మంట దగ్గర కాచి బిగించిన డప్పును మళ్లీ నీళ్లలో ముంచినట్టే.

1950, 60ల పాటలతో ఇంకో జాగ్రత్త. ఆ రికార్డింగుల్లో అడుగు బేస్ దాదాపు ఉండదు. లేనిది పెంచాలని బేస్ నాబ్ కుడికి తిప్పితే, పెరిగేది పాట కాదు, కరెంటు గూ శబ్దం, పళ్లెం తిరిగిన గరగర. అలాంటి పాటకు కింద కొత్త డ్రమ్స్ వేయాలంటే ముందు పాతపాట అడుగును పూర్తిగా తీసేయండి, బేస్ పని కొత్త డ్రమ్స్‌కే అప్పగించండి.

ఇక ఈక్వలైజర్ నాబులకు వేరుగా ఉండే ఒంటరి ఫిల్టర్ నాబ్. ఎడమకు తిప్పితే పైశబ్దాలు ఒక్కొక్కటే రాలిపోతాయి, పక్కింటి గోడ వెనక పాట ఆడుతున్నట్టు ఉంటుంది. కుడికి తిప్పితే కిందివి పోయి, చిన్న ట్రాన్సిస్టర్‌లో వింటున్నట్టు ఉంటుంది. ఇందులో రెసొనెన్స్ అనే అమరిక ఒకటుంది. కోత ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడి శబ్దాన్ని ఉబ్బించడం దాని పని. రాబర్ట్ మూగ్ సింథసైజర్‌లోని ల్యాడర్ ఫిల్టర్‌తో ఆ ధ్వని లోకానికి అలవాటైంది. 1969లో దానికి పేటెంట్ వచ్చింది. ట్రాక్టర్‌లో ఇప్పటికీ ల్యాడర్ పేరుతో ఒక ఫిల్టర్ ఉంది. కొత్తగా సెట్ కొన్న కుర్రాళ్లు రెసొనెన్స్ నిండా పెంచి నాబ్ అటూ ఇటూ తిప్పుతుంటారు. ఈల వేసినట్టు శబ్దం వస్తుంది, మొదటిసారి బాగుంటుంది. పదోసారికి పెళ్లివాళ్లు కుర్చీలు సర్దుతుంటారు. దాన్ని కూరలో ఇంగువలా వాడండి.

పెంచడం గురించి ఒక్కటే చెబుతాను. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ అంటే పైకప్పు. అనలాగ్ యంత్రం పైకప్పు తగిలినా కాస్త ఒదుగుతుంది, డిజిటల్ ఒదగదు, అల తలను నరికేస్తుంది. ఈ కాలపు పాటల్లో చాలావాటిని ఆ కప్పుకు తగిలేదాకా పెంచే విడుదల చేస్తున్నారు. వాటి మీద మీరు ఇంకో 6 డెసిబెల్స్ పెంచితే నరుకుడే. అందుకే మొదట గెయిన్ నాబ్‌తో మీటర్‌లో కాస్త ఖాళీ ఉంచుకోండి. ఒక పాటలో ట్రెబుల్ పెరగాలనిపిస్తే రెండో పాటలో ట్రెబుల్ తగ్గించండి. చెవికి రెండూ ఒకటే. కొత్తపాట ఎక్కించగానే నాబులు వాటంతటవే మధ్యకు వచ్చే అమరిక మిక్స్‌లో ఉంది. ల్యాప్‌టాప్‌కు తగిలించే కంట్రోలర్ మీద నిజమైన నాబులు ఉన్నవాళ్లు దాన్ని తీసేసి ఉంచండి. తెర మీద నాబ్ మధ్యలో, చేతి కింద నాబ్ చివర్లో ఉంటే, మీ వేలు తగలగానే శబ్దం ఉలిక్కిపడుతుంది.

ఇంట్లో చిన్న శబ్దంతో సరిచూసుకున్న బేస్ మండపంలో ఎందుకు గుదిబండవుతుందని అడుగుతుంటారు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇది కొలిచి చెప్పారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవి బేస్‌ను సరిగా పట్టుకోదు, ఎక్కువైనప్పుడు బాగా పట్టుకుంటుంది. కనక రాత్రి ఇంట్లో వాల్యూమ్ తగ్గించి, బేస్ చాలలేదని పెంచుకున్న అమరికను పెళ్లికి తీసుకెళితే అది రెండింతలై కూర్చుంటుంది. సరిచూసుకోవాల్సింది మండపంలోనే, జనం రాకముందు. జనం వచ్చాక ఇంకొంచెం ట్రెబుల్ అవసరమవుతుంది. పట్టుచీరలు, కోట్లు పైశబ్దాన్ని తాగేస్తాయి.

ఊరేగింపుల మాట కూడా రావాలి. 2000 సంవత్సరపు శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. నా వృత్తివాళ్లకు కోపం వచ్చింది. నాకు అంత రాలేదు. గోడలు దాటి, తలుపులు మూసిన గదిలో పడుకున్న ముసలివాళ్ల గుండెల మీదికి వెళ్లేది పాట కాదు, అడుగు బేస్. పైశబ్దం గోడకు ఆగిపోతుంది, కింది శబ్దం ఆగదు. మన పెళ్లి బాక్సులు చాలావరకు 40 హెర్ట్జ్ కింద సరిగా పలకవు, వాటి కోన్లు ఊరికే ఊగుతాయి, యాంప్లిఫయర్ వేడెక్కుతుంది. ఆ కింది భాగాన్ని ఫిల్టర్ పెట్టి తీసేస్తే ఆటలో ఏ లోటూ రాదు. డ్యాన్స్ చేసేవాడికి కావాల్సిన దెబ్బ 60, 80 హెర్ట్జ్‌ల దగ్గర ఉంది. వీధి చివర కిటికీలు అదిరితే అది డీజే గొప్పని చెప్పుకునేవాళ్లున్నారు. కిటికీ అదరడం అమరిక రాకపోవడానికి గుర్తు.

ల్యాప్‌టాప్ ఉన్న శ్రోతలు ఒక పరీక్ష చేసి చూడండి. పాట పెట్టి మూడు నాబులూ సున్నాకు తిప్పండి, ఏమైనా వినిపిస్తోందా? తర్వాత అన్నీ మధ్యకు తెచ్చి, ఈక్వలైజర్‌ను పక్కకు తప్పించే గడిలో టిక్ పెడుతూ తీస్తూ వినండి, తేడా ఉందా? తర్వాత మగ గొంతు పాత పాట ఒకటి తీసుకుని, బేస్ పూర్తిగా తీసేసి, కింది గీతను 246 నుంచి 160కి మెల్లగా దించండి. గొంతు ఎక్కడ తిరిగివస్తుందో ఆ అంకె ఒక కాగితం మీద రాసుకోండి. అది మీ పాటలకు, మీ చెవికి సరిపోయే అంకె. గడియారం పది దాటితే మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకోండి.